ఆవాజ్ ఎక్కడ ఆగిపోయింది? కండెన్సర్ మైకు తారీఖ్, మరమ్మత్

జుమ్మా ఖుత్బా నడుస్తుండగా మైకు ఒక్కసారి బర్రుమని మొత్తుకుని మూగబోవడం మనలో చూడనివాళ్లు ఉండరు. ఖతీబ్ సాహెబ్ వేలితో రెండుసార్లు టక్ టక్‌మని కొడతారు. ఎవరో ఒక నౌజవాన్ లేచి వైరు పట్టుకుని ఊపుతాడు. నమాజు అయ్యాక కమిటీలో ఒకే మాట: "మైక్ ఖరాబ్ హోగయా, కొత్తది తెద్దాం." చందా వేసుకుంటారు, కొత్తది వస్తుంది, పాతది అల్మారాలో పడిపోతుంది. మన వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఏ మసీదు అల్మారా తెరిచినా ఇలాంటి ముర్దా మైకులు రెండు మూడైనా కనిపిస్తాయి.

వాటిలో నిజంగా చచ్చిపోయినవి చాలా తక్కువ అని నా నమ్మకం. ఎక్కువ వాటికి ఉన్న జబ్బు ఒక చాయ్ ఖర్చుతో పోయేదే. అయితే దాన్ని విప్పాలంటే భయం. లోపల ఏముందో తెలియదు కాబట్టి భయం. కాబట్టి ముందు దాని తారీఖ్ చెప్పుకుందాం, తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకుందాం. ఈ యంత్రం విషయంలో చరిత్ర తెలిస్తే సగం మరమ్మత్ తెలిసినట్టే. ఎందుకంటే దీన్ని తయారుచేసినవాళ్లు వందేళ్లుగా ఏ శత్రువుతో కొట్లాడారో, మన మసీదు మైకునీ అదే శత్రువు చంపుతోంది.

మొదట పేరు. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే మిస్త్రీ వచ్చి చూసి "కండెన్సర్ పోయింది" అంటాడు కదా. ఈ కండెన్సర్ ఆ కండెన్సర్ ఒకే ఖాందాన్. పిల్లల పుస్తకాల్లో కెపాసిటర్ అని రాస్తున్నారు గానీ బజారు భాషలో ఇంకా పాత పేరే బతికి ఉంది. రెండు లోహపు రేకుల్ని ఒకదానికొకటి తగలకుండా ఎదురెదురుగా పెడితే వాటి మధ్య విద్యుత్ చార్జి నిలుస్తుంది. అంతే, కండెన్సర్ అంటే అదే. ఫ్యాన్ కండెన్సర్‌లో ఆ రేకులు కదలవు. మైకులో ఒక రేకు గట్టిది, రెండోది ఉల్లిపొర కంటే పల్చటి పర్దా. మనం మాట్లాడితే గాలి ఆ పర్దాను ముందుకీ వెనక్కీ ఊపుతుంది. రెండు రేకుల మధ్య ఫాస్లా మారుతుంది. ఫాస్లా మారితే, నిలిచిన చార్జి అదే అయినా, వోల్టేజీ మారుతుంది. మన గొంతు ఎలా ఊగితే ఆ వోల్టేజీ అలా ఊగుతుంది. ఇక మిగిలిందంతా ఆ ఊపును పెద్దది చేసి స్పీకర్ దాకా చేర్చే పనే.

దీన్ని ఈజాద్ చేసింది ఎడ్వర్డ్ క్రిస్టఫర్ వెంటె. 1916లో, అమెరికాలోని వెస్ట్రన్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో. అప్పటిదాకా టెలిఫోన్లలో ఉన్నది బొగ్గు పలుకుల మైకు. గొంతు దానిలో పడితే నూనె లేని బండి చక్రంలా కరకరలాడుతూ బయటికొచ్చేది. 1915లోనే న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా టెలిఫోన్ లైను పడింది. అంత దూరం గొంతు పంపాలంటే ముందు ఆ గొంతును సరిగ్గా కొలవాలి. వెంటె చేసింది నిజానికి కొలిచే పనిముట్టు. 1917లో ఆయన అచ్చేసిన వ్యాసం కూడా శబ్దాన్ని కొలవడం గురించే. పాటల కోసం, తఖ్రీర్ల కోసం పుట్టింది కాదు. 1920ల్లో గ్రామఫోన్ రికార్డింగు కరెంటు మీదికి మారాక, సినిమాకు మాట వచ్చాక, ఈ తరాజు స్టూడియోల్లోకి నడిచి వచ్చింది.

మన దగ్గర ఆ జమానా గుర్తు చేసుకోండి. 1931లో 'ఆలం ఆరా', 1932లో తెలుగులో 'భక్త ప్రహ్లాద'. సినిమా మాట్లాడిన ఆ రోజుల్లోనే హైదరాబాదులో మహబూబ్ అలీ అనే ఒక డాక్-తార్ ఉద్యోగి చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్‌తో రేడియో స్టేషన్ మొదలుపెట్టారు. సర్కారు ఉద్యోగం చేసుకుంటూ సొంత షౌక్‌తో రేడియో నడిపిన మనిషి! 1935లో నిజాం హుకూమత్ దాన్ని తన చేతిలోకి తీసుకుంది. అదే దక్కన్ రేడియో. ఉర్దూ దాని ప్రధాన భాష. 1950లో ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. ఈ రోజు మనం 103.5 మీద వరంగల్ ఆకాశవాణి పెట్టుకుంటున్నామంటే, తెలంగాణ రేడియో వంశవృక్షం వేర్లు ఆ గల్లీలో ఉన్నాయి. వరంగల్‌లో ఆజం జాహీ మిల్లు మొదలైన సంవత్సరాలు కూడా అవే, 1934. మిల్లు గురించి మనవాళ్లు చాలా రాశారు. రేడియో గురించి తక్కువ రాశారు.

అదే కాలంలో మైకు మసీదు గడప దగ్గరికి వచ్చి నిలబడింది. ఇక్కడ ఒక అజీబ్ సంగతి జరిగింది. మైకు లోపల ఏం జరుగుతుందన్న ప్రశ్న ఇంజనీర్ల చేతి నుంచి ఉలేమాల ముందుకు వచ్చింది.

అంతకుముందు పెద్ద జమాత్‌లలో ముకబ్బిర్ ఉండేవాడు. ఇమామ్ "అల్లాహు అక్బర్" అంటే వెనక సఫ్‌లకు వినిపించేలా తక్బీర్ మళ్లీ పలికే మనిషి. ఈద్‌గాహ్‌లో అయితే ఒకరు చాలరు, దూరం దూరంగా ముగ్గురు నలుగురు. మైకు వస్తే వీళ్ల అవసరం ఉండదు. కానీ సవాల్ ఏమిటంటే, స్పీకర్‌లోంచి వచ్చేది ఇమామ్ సొంత ఆవాజేనా, లేక కొండను తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని లాంటి నకలా? ముక్తదీ నమాజులో ఉన్న ఇమామ్‌ను అనుసరించాలి. నమాజులో లేని వస్తువు శబ్దాన్ని అనుసరించి రుకూ చేస్తే ఆ నమాజు ఏమవుతుంది? ఈ రోజుల్లో కొందరు దీన్ని విని నవ్వుతారు. నవ్వాల్సిన పని లేదు. ఇది అచ్చంగా విజ్ఞానశాస్త్రపు ప్రశ్న.

దేవ్‌బంద్ ఉలేమాల్లో మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ నమాజులో లౌడ్ స్పీకర్ వాడకాన్ని ఒప్పుకోలేదు. ముఫ్తీ మొహమ్మద్ షఫీ మొదట అదే వైపు ఉన్నారు. కొత్త యంత్రాల మసాయిల్ మీద ఆయన రాసిన 'ఆలాత్-ఎ-జదీదా' కితాబ్‌లో ఈ చర్చ ఉంది. ఆయన ఊరికే ఊహించి కూర్చోలేదు, సైన్సు తెలిసినవాళ్ల రాయ్ అడిగించారు. స్పీకర్ ఆవాజ్ అసలు ఆవాజేనన్న జవాబు బలంగా వచ్చాక, నమాజు చెల్లదన్న పాత ఫత్వా నుంచి రుజూ చేసుకున్నారు. అయినా నమాజులో అది లేకపోతేనే మంచిదన్న ఇహ్తియాత్ వదల్లేదు. తెలియని పనిముట్టు గురించి తెలిసినవాళ్లను అడగడం, జవాబు మారితే రాయ్ మార్చుకోవడం. ఆ పద్ధతి నాకు ఆ ఫత్వా కంటే ఎక్కువ నచ్చుతుంది. అజాన్‌కు మాత్రం మైకు తొందరగానే ఎక్కింది. 1936లో సింగపూర్ సుల్తాన్ మసీదులో లౌడ్ స్పీకర్ మీద అజాన్ ఇచ్చారు. ప్రపంచంలో తొలిసారి అదేనని చెబుతారు.

ఆ చర్చకు కండెన్సర్ మైకు లోపలి సంగతి ఒక జవాబు ఇస్తుంది. ఆ పర్దా ఇమామ్ ఊపిరి తాకిడికి ఊగుతున్న క్షణంలోనే వోల్టేజీ ఊగుతోంది. అక్కడ ఎవరూ విని మళ్లీ పలకడం లేదు. కానీ స్పీకర్‌లో గాలిని కదిలించే బలం మాత్రం ఆంప్లిఫయర్‌ది. మరి అది అదే ఆవాజా, వేరే ఆవాజా? ఇద్దరు ఇంజనీర్లను అడిగితే ఇప్పటికీ రెండు జవాబులు చెప్పగలరు.

ఇప్పుడు శత్రువు సంగతికి వద్దాం. కండెన్సర్ మైకులో నిలిచే చార్జి చాలా చిన్నది. అది ఎటైనా కొంచెం కారిపోయినా ఆవాజ్ పోతుంది. వెంటె మైకుకు బయటి నుంచి వందల వోల్టుల బ్యాటరీ పెట్టి ఆ చార్జిని నిలపాల్సి వచ్చేది. పైగా దాని పక్కనే, అరచేతి దూరంలో, ఒక వాల్వు ఆంప్లిఫయర్ ఉండాలి. కొంచెం పొడుగు తీగ వేస్తే ఆ బలహీనమైన సిగ్నల్ దారిలోనే ఇంకిపోతుంది. 1928లో బెర్లిన్‌లో గియోర్గ్ నాయ్‌మన్ అమ్మకానికి పెట్టిన మైకు అందుకే సీసా అంత ఉండేది, జనం కూడా దాన్ని సీసా అనే పిలిచారు. మైకు పుర్జా చిన్నదే, సీసా అంతా దాని వాల్వు కోసం. 1949లో అదే కంపెనీ తెచ్చిన యూ-47 కథా అంతే. గాయకుల గొంతును దానంత అందంగా పట్టింది లేదంటారు, కానీ దాన్ని మోయడానికి ఒక మనిషి, దాని పవర్ పెట్టె మోయడానికి ఇంకో మనిషి.

ట్రాన్సిస్టర్ వచ్చాక వాల్వు పోయింది. కానీ కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలి? ఇక్కడో చిన్న కిస్సా ఉంది. 1966లో నార్వే రేడియో వాళ్లు నాయ్‌మన్ కంపెనీని ఒక మాట అడిగారు: ఆవాజ్ వచ్చే తీగలోనే కరెంటు కూడా పంపలేరా అని. నార్వేలో చలికాలం పగటి వెలుతురు చాలా తక్కువ. అందుకని ఆ స్టూడియోల్లో ఎమర్జెన్సీ దీపాల కోసం 48 వోల్టుల సప్లయి ముందే ఉంది. సరే, దాన్నే వాడుకున్నారు. ఈ రోజు మన మిక్సర్ల మీద "48వి" అన్న ఎర్రటి బటన్ ఉంటుంది చూడండి, దాని అసలు అదీ. నార్వే చీకటి కోసం పెట్టిన దీపాల వోల్టేజీ మండీ బజార్ మసీదు మిక్సర్ దాకా వచ్చింది. కంటికి కనపడకుండా అదే తీగలో నడుస్తుంది కాబట్టి దానికి ఫాంటమ్ అని పేరు.

అయినా ఇవన్నీ స్టూడియోల వస్తువులు, గరీబుల ఇంటికి వచ్చేవి కావు. గరీబుల ఇంటికి కండెన్సర్ మైకును తెచ్చినవాళ్లు ఇద్దరు: గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్. 1962, బెల్ ప్రయోగశాల. బయటి నుంచి చార్జి ఇవ్వడం ఎందుకు, పర్దాలోనే శాశ్వతంగా నింపేస్తే పోలా అన్నది వాళ్ల ఆలోచన. ఇనుము అయస్కాంతమైతే ఎప్పటికీ అయస్కాంతంగా ఉన్నట్టు, విద్యుత్తును పట్టుకుని కూర్చునే పదార్థాన్ని ఎలక్ట్రెట్ అంటారు. ఆ పేరు 19వ శతాబ్దంలోనే ఆలివర్ హెవిసైడ్ పెట్టాడు. జపాన్‌లో ఎగుచి అనే శాస్త్రవేత్త 1919 ప్రాంతంలో ఒక రకం తాటాకు మైనంతో చేసి చూపించాడు కూడా. కానీ మైనం ఎండకూ నమీకీ నిలవలేదు, చార్జి కారిపోయేది. మళ్లీ అదే శత్రువు, నమీ. సెస్లర్, వెస్ట్‌లు మైనం వదిలేసి టెఫ్లాన్ పొర తీసుకున్నారు, మనం అంటుకోని పెనం మీద చూసే పదార్థమే. అది చార్జిని ఏళ్ల తరబడి వదల్లేదు.

వెస్ట్ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. 1931లో వర్జీనియాలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడే పాత రేడియో బాగుచేసి, ఇత్తడి మంచం మీదికెక్కి పైకప్పు ప్లగ్గులో పెట్టబోయి షాక్ కొట్టి అతుక్కుపోయాడు. ఆ షాక్‌తో భయం పోయి కుతూహలం పుట్టింది. ఫిజిక్స్ చదువుతానంటే తండ్రి వద్దన్నాడు. ఫిజిక్స్, కెమిస్ట్రీల్లో డాక్టరేట్లు ఉండి కూడా నల్లవాళ్లకు పోస్టాఫీసు పని తప్ప దొరకని రోజులవి. తండ్రి మాట తప్పని ఎలా అంటాం? కొడుకు బతుకుతెరువు ఫిక్ర్ అది. మన ఇళ్లలోనూ ఎన్నిసార్లు విన్న మాట! కొడుకు వినలేదు. ఆ వినకపోవడం వల్లే ఇవాళ ప్రపంచంలో కోట్లాది ఎలక్ట్రెట్ మైకులు ఉన్నాయి. 1968 నాటికి జపాన్‌లో అవి పెద్ద ఎత్తున తయారవడం మొదలైంది.

ఆ జపాన్ మాల్ మన ఇంటికి వచ్చింది గల్ఫ్ దారిలో. 1970ల చివర, 80ల్లో సౌదీ, దుబాయి, కువైట్ పోయిన మనవాళ్లు సెలవులకు వచ్చేటప్పుడు అత్తరు, కంబళి, టూ-ఇన్-వన్ తెచ్చేవాళ్లు. రేడియో, క్యాసెట్ రెండూ ఉన్న పెట్టె. దాని ముఖం మీద ఒక మూలన ఆవగింజంత రంధ్రం, పక్కన "మైక్" అని చిన్న అక్షరాలు. ఆ రంధ్రం వెనక ఉన్నది సెస్లర్, వెస్ట్‌ల ఎలక్ట్రెట్టే. మెకానిక్‌లు దాన్ని "కండెన్సర్ మైక్" అన్నారు, అదే పేరు నిలిచింది.

ఆ రంధ్రం ముందు మన ఇళ్లు మాట్లాడాయి. ఖత్ రాయడం రాని అమ్మీలు, దాదీలు రికార్డు బటన్ నొక్కించుకుని కొడుకుకు ఖైరియత్ చెప్పేవాళ్లు. మధ్యలో బకరీ అరుపు, వీధిలో పూలమ్మే మనిషి కేక, పిల్లల దగ్గు. సెలవుకు వచ్చి తిరిగిపోయేవాళ్ల చేత ఆ క్యాసెట్ దుబాయి పోయేది. అక్కడ కొడుకు వినేవాడు, దానికి జవాబు రికార్డు చేసి పంపేవాడు. టెలిఫోన్ నిమిషానికి ఎంత పడేదో గుర్తున్నవాళ్లకు ఆ క్యాసెట్ విలువ తెలుసు. చదువురానివాళ్ల గొంతు ఇంత దూరం ఇంత సస్తాగా ప్రయాణం చేయడం మన తారీఖ్‌లో అదే మొదటిసారి. మన చరిత్రకారులు నవాబుల ఫర్మానాలు జాగ్రత్తగా చూస్తారు. ఈ క్యాసెట్లను ఎవరు చూస్తారు?

ఆ పెట్టెలు చెడితే బాగుచేసే హునర్ కూడా మన మొహల్లాల్లో పెరిగింది. రేడియో మెకానిక్ దుకాణం అంటే ఒక బెంచీ, ఒక కావియా, సీసం వాసన, గోడకు వేలాడే తీగల గుత్తులు, ఒక ఉస్తాద్, ఇద్దరు శాగిర్దులు. పుర్జాలు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి వచ్చేవి. ఇక్కడ 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో థియరీ చెప్పేవాళ్లు, ఈ బెంచీల మీద చేతిపని నేర్పేవాళ్లు. ఇప్పుడా బెంచీల మీద మొబైల్ డిస్‌ప్లేలు మారుస్తున్నారు. మైకు తీసుకుపోతే "కొత్తది తీసుకో భాయ్" అంటారు. అతని తప్పు కాదు, గంటసేపు మెహనత్ చేసి యాభై రూపాయలు అడగలేడు కదా. అందుకే ఈ పని ఇక ఇంట్లో మనమే చేసుకోవాలి.

విప్పేముందు మీ చేతిలో ఉన్నది కండెన్సరో కాదో చూడండి. అజాన్‌కు వాడే బరువైన చేతిమైకు ఎక్కువగా డైనమిక్ రకం. అందులో తీగచుట్ట, అయస్కాంతం ఉంటాయి, దానికి కరెంటు అక్కర్లేదు. మింబర్ మీద హంస మెడలా వంగే సన్నటి మైకు, కాలర్‌కు పెట్టుకునేది, నాత్ రికార్డింగుకు పిల్లలు ఆన్‌లైన్‌లో తెప్పించుకునే పెద్ద జాలీ మైకు, ఇవి కండెన్సర్లు. బ్యాటరీ గది గానీ, 48 వోల్టుల గుర్తు గానీ ఉంటే ఇక అనుమానం లేదు.

తీగ సంగతి చెప్పనక్కర్లేదు, ముందు వేరే తీగతో చూడండి. సగం మైకులు అక్కడే లేచి కూర్చుంటాయి. వంగే మెడ ఉన్న మైకులో అయితే మెడ మొదట్లో, రోజూ వంచే చోట, లోపలి తీగ తెగుతుంది. మెడ ఒకవైపు వంచితే ఆవాజ్ వచ్చి, ఇంకోవైపు వంచితే పోతుంటే జబ్బు అదే.

తర్వాత కరెంటు. రెండు మూడు వందలకు దొరికే మల్టీమీటర్ చాలు. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గులో ఒకటో పిన్ను నేల తీగ. మైకు తీసేసి, మిక్సర్ నుంచి వచ్చే తీగ చివర ఒకటికీ రెండుకూ మధ్య కొలవండి, ఒకటికీ మూడుకూ మధ్య కొలవండి. రెండుచోట్లా 48 దగ్గర రావాలి. రెండుకూ మూడుకూ మధ్య సున్నా రావాలి. ఒకవైపు 48 వచ్చి రెండోవైపు రాకపోతే తీగలోనో ప్లగ్గు టాకాలోనో తెగింది. రెండువైపులా రాకపోతే మిక్సర్ మీద ఎర్ర బటన్ ఎవరో ఆపేసి ఉంటారు. చాలా మసీదుల్లో "మైకు ఖరాబ్" కథ ఇంతే. ఎవరో పిల్లవాడు బటన్ నొక్కాడు, మైకు అల్మారా చేరింది. ఒక ఇహ్తియాత్: ఫాంటమ్ ఆన్‌లో ఉండగా మైకు పీకడం, పెట్టడం చేయవద్దు. ఢామ్మని వచ్చే దెబ్బకు స్పీకర్లు పోతాయి. ముందు వాల్యూమ్ దించండి, బటన్ ఆపండి, కొంచెం ఆగండి.

బ్యాటరీ మైకులో పెన్సిల్ సెల్లు కారి స్ప్రింగు మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటుంది. సిర్కా తడిపిన దూదితో తుడిచి, తర్వాత స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టండి. రంజాన్ అయిపోయాక సెల్లు తీసి పెడితే ఈ బాధే ఉండదు.

ఇక అసలు శత్రువు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మన దగ్గర హవాలో నీళ్లే. దానికి తోడు మసీదులో వుజూ హౌజ్ పక్కనే, మైకు రాత్రంతా మింబర్ మీదే. పొద్దున ఫజర్‌కు ఆన్ చేస్తే మిర్చీ బజ్జీలు వేగుతున్నట్టు చిరచిర శబ్దం. దీనికి కారణం ఇది: మైకు పుర్జా నుంచి లోపలి ట్రాన్సిస్టర్‌కు వెళ్లే దారిలో వంద కోట్ల ఓముల స్థాయి నిరోధం ఉంటుంది. అంటే చార్జి కదలడానికి దారే లేనంత గట్టి గోడ. ఆ గోడ మీద కంటికి కనపడని తేమ పొర ఏర్పడితే చార్జి దాని మీదుగా కొంచెం కొంచెం కారుతుంది. ఆ కారడమే చిరచిర. దీనికి మందు ఆరబెట్టడం ఒక్కటే. మూత గట్టిగా పట్టే బిస్కెట్ డబ్బాలో, బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేసి, మైకును అందులో రెండు రోజులు పెట్టండి. బియ్యంలో పెట్టకండి, ఆ పిండి జాలీలోంచి లోపలికి పోతుంది. ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయర్ అసలే వద్దు, వేడి ఎలక్ట్రెట్ చార్జిని తినేస్తుంది.

విప్పినప్పుడు ఆ భాగాన్ని వేలితో తాకకూడదు. వేలి జిడ్డు కూడా తేమ లాంటిదే. తాకితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి తుడవండి, పర్దాకు మాత్రం అంటనివ్వకండి. పర్దా మీద ఊదడం, దూది పెట్టడం, ఏదీ వద్దు. అది కొన్ని మైక్రాన్ల మందం, మన వెంట్రుకలో పదో వంతు కంటే పల్చన. నోటి ముందు పెట్టే నురుగు టోపీ కొన్నేళ్లకు నల్లటి పొడిగా రాలి పర్దా మీద పడుతుంది, దాన్ని ముందే మార్చాలి. పాన్ నములుతూ తఖ్రీర్ చేసే హజరాత్ ఉన్నచోట ఇంకా తొందరగా మార్చాలి.

ఇవన్నీ చూశాక కూడా ఆవాజ్ రాకపోతే అప్పుడు పుర్జా. వంగే మైకుల్లో, కాలర్ మైకుల్లో, పాత టూ-ఇన్-వన్‌లో ఉండేది చొక్కా గుండీ అంత లేదా అంతకన్నా చిన్న డబ్బీ, వెనక రెండు టాకాలు. ఆన్‌లైన్‌లో కొన్న పెద్ద జాలీ మైకుల్లో కూడా తరచూ ఇంతే ఉంటుంది. జాలీ పిడికిలంత, లోపల పుర్జా గుండీ అంత, విప్పినవాళ్లకు ముందు నవ్వొస్తుంది. రెండు టాకాల్లో డబ్బీ లోహపు ఒంటికి కలిసినది మైనస్. రెండోది ప్లస్. పుర్జాను విడిగా పరీక్షించాలంటే రెండు పెన్సిల్ సెల్లు, ఒక 2.2 కిలోఓమ్ రెసిస్టర్ చాలు. సెల్లుల ప్లస్ నుంచి రెసిస్టర్ మీదుగా పుర్జా ప్లస్‌కు, సెల్లుల మైనస్ నుంచి పుర్జా మైనస్‌కు కలపండి. పుర్జా రెండు టాకాల మధ్య మీటర్ పెడితే సుమారు 2 నుంచి 2.5 వోల్టులు చూపాలి. పూర్తిగా 3 చూపితే పుర్జా లోపల తెగింది, కరెంటు తాగడం లేదు. సున్నా చూపితే లోపల అతుక్కుపోయింది. నెమ్మదిగా ఊదితే అంకె కదలాలి. ఈ గట్టి డబ్బీ మీద ఊదవచ్చు, బయట కనిపించే పర్దా ఉన్న పెద్ద పుర్జా మీద మాత్రం కాదు. అంకె బాగానే ఉండి ఆవాజ్ మరీ సన్నగా వస్తుంటే చార్జి కారిపోయింది, ముసలితనం.

కొత్త పుర్జా అదే కొలతది తీసుకోండి, 9.7 మిల్లీమీటర్లది బాగా దొరుకుతుంది, ధర పదుల రూపాయల్లోనే. 25 వాట్ల కావియా, శుభ్రమైన మొన. టాకా మీద రెండు మూడు సెకన్లకు మించి పెట్టవద్దు. ఒకటి వేశాక చల్లారనిచ్చి రెండోది వేయండి. తొందరపడితే కొత్త పుర్జా కూడా అక్కడే ఖతం. ప్లస్ మైనస్ తారుమారైతే గొంతు సన్నగా, పగిలినట్టు వస్తుంది. విప్పి మార్చండి, సాధారణంగా ఏమీ కాదు. వేసిన తర్వాత గుంయ్‌మని హమ్మింగ్ వస్తుంటే తీగ మీది జాలీ పొర మైనస్‌కు కలవలేదన్నమాట.

వాల్వు ఉన్న పాత స్టూడియో మైకు గానీ, దాని పవర్ పెట్టె గానీ ఎవరి ఇంట్లోనైనా ఉంటే దాన్ని మాత్రం ముట్టుకోకండి. వంద వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా లోపల నిలిచి ఉంటుంది. ఆంప్లిఫయర్ పెట్టె లోపలికీ చేయి పెట్టవద్దు.

అల్మారాలో దుబాయి నుంచి వచ్చిన పాత టూ-ఇన్-వన్ ఉండి, దాని మైకు బాగుచేయాలని బుద్ధి పుడితే ముందు పక్కన ఉన్న క్యాసెట్లు చూడండి. ఆ పెట్టె హెడ్‌ను ఆల్కహాల్ దూదితో తుడవండి, సాగిన రబ్బరు బెల్టు మార్చండి, ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి తీగ తీసి కంప్యూటర్‌లో రికార్డు చేసుకోండి. క్యాసెట్ మీది పూత మన బర్సాత్‌లకు ప్రతి ఏడాదీ కొంచెం రాలుతోంది. మైకు కొత్తది రేపైనా దొరుకుతుంది. దాదీ గొంతు ఆ ఒక్క రీలు మీదే ఉంటే, ఈ ఇత్వార్ ముందు ఆ పని పెట్టుకోండి.